గారె ముక్క వెంట పోతే జీర్ణ హార్మోన్లు గుర్తుంటాయి

ఇంటర్ బైపీసీ పిల్లలకు జువాలజీ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. హార్మోన్ల పట్టిక బట్టీ పట్టినవాళ్లు సెక్రెటిన్ పనిని కోలిసిస్టోకైనిన్‌కు అంటగట్టి రావడం ఏటా చూస్తూనే ఉన్నాను. ముందు ఆ పట్టిక మూసేయండి. తెల్ల కాగితం మీద జీర్ణాశయం, దాని పక్కన సి అక్షరంలా ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం), ఆ వంపులో క్లోమం, పైన కాలేయం, దాని కింద పిత్తాశయం గీయండి. వంకరగా వచ్చినా పరవాలేదు, బోర్డు మీద నాదీ అంతే.

ఇప్పుడు మినప గారె తిన్నారనుకోండి. ఇడ్లీ వద్దు. గారెలో పప్పు మాంసకృత్తులకు తోడు నూనె కూడా ఉంటుంది, మనకు రెండూ కావాలి. ముక్క జీర్ణాశయంలో పడగానే చివరి భాగంలోని జి కణాలు గాస్ట్రిన్ వదులుతాయి, ఆమ్లం ఊరుతుంది. అక్కడ పేరు రాసి ముందుకు పోండి.

అసలు కథంతా ఆంత్రమూలంలోనే. పుల్లటి ముద్ద తగలగానే ఎస్ కణాల నుంచి సెక్రెటిన్ వస్తుంది. దాంతో క్లోమం నీళ్లు, బైకార్బనేట్ పంపుతుంది, పులుపు విరుగుతుంది. నూనె, మాంసకృత్తులు తగిలితే ఐ కణాల వంతు. వాటిది కోలిసిస్టోకైనిన్. ఈ పేరు చూసి భయపడకుండా విరిచి చూడండి: గ్రీకులో కోలె అంటే పైత్యం, కిస్టిస్ అంటే సంచి, కైనిన్ అంటే కదిలించేది. పేరులోనే జవాబుంది. పిత్తాశయాన్ని పిండుతుంది, క్లోమం చేత ఎంజైములు విడుదల చేయిస్తుంది, జీర్ణాశయాన్ని కాస్త నిదానించమంటుంది. నాలుగు గారెలు తిన్నాక చాలాసేపు ఆకలి వేయకపోవడంలో దీనికీ వాటా ఉంది. పైత్యరసం తయారయ్యేది మాత్రం కాలేయంలోనే, అక్కడ మార్కు పోగొట్టుకోకండి.

ఇక జిఐపి, అంటే గాస్ట్రిక్ ఇన్హిబిటరీ పెప్టైడ్ అనే హార్మోన్. జఠర రసాన్ని తగ్గిస్తుందని పాఠంలో ఉంటుంది, పరీక్షలో అదే రాయండి. ఇన్సులిన్‌ను పెంచడం కూడా దీని పనే, నన్నడిగితే అదే పెద్ద పని.

చివరగా ఎర్ర పెన్నుతో బాణాలు. పక్కపక్కనే ఉన్నాయి కదా అని ఆంత్రమూలం నుంచి క్లోమానికి సూటిగా గీసేస్తారు. తప్పు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు ఒక కుక్క పేగు ముక్కకున్న నరాలు తెంచేసి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమరసం ఊరింది. కబురు రక్తంలోనే వెళ్లిందన్నమాట. అందుకే మీ బాణం పేగు గోడలో మొదలై, కాలేయం దాటి, గుండె చుట్టి వచ్చి క్లోమానికి చేరాలి. గాస్ట్రిన్‌కూ ఇంతే, ఊరంతా తిరిగి పుట్టిన జీర్ణాశయానికే వస్తుంది. కాగితం చాలకపోతే ఇంకోటి అతికించుకోండి.