ఇంగ్లిష్ హల్లులు – 4వ పాఠం: జంట అక్షరాలు

‘సి’ మీద చెప్పిన సూత్రం అందరికీ పట్టుబడింది. ఇ, ఐ, వై ముందు స, మిగతా చోట్ల క. విజయవాడ బెంజి సర్కిల్ బోర్డు చూడండి, ‘సర్కిల్’లో రెండూ ఉన్నాయి. మొదటి ‘సి’ తర్వాత ఐ ఉంది, రెండో దాని తర్వాత ఎల్ ఉంది. ఓషన్, స్పెషల్ లాంటివి వేరే బాపతు, వాటి సంగతి తర్వాత.

తేడా వచ్చింది ‘జి’ దగ్గర. మీరు పంపిన ఆడియోల్లో గిగిల్ కాస్తా జిగిల్ అయింది, ఈగర్ ఈజర్ అయింది. ఇ, ఐ ముందు ‘జి’ని జ అనడం ఎక్కువగా ఫ్రెంచి, లాటిన్ దారిన వచ్చిన మాటలకు నప్పుతుంది: జనరల్, జెంటిల్, జైంట్. గెట్, గివ్, గిఫ్ట్, గేర్ లాంటివి ఉత్తరాది స్కాండినేవియా వాళ్ల నోటి నుంచి వచ్చినవి, అక్కడ గ మారలేదు. రోజువారీ చిన్న మాట అయితే ముందు గ అని చూడండి. నా అడ్డదారి ఇదే, ఎక్కువసార్లు పనిచేస్తుంది.

ఇక నాకు చిరాకు తెప్పించే విషయం. ‘అకౌంట్‌లో రెండు సిలు ఉన్నాయి కదా సార్, అక్కౌంట్ అనొద్దా?’ అని గుంటూరు నుంచి ఒకమ్మాయి అడిగింది. అనొద్దమ్మా. మనకు గడి వేరు, గడ్డి వేరు. అందుకని రెండు అక్షరాలు పక్కపక్కన కనబడితే చాలు, నోరు దానంతటదే ఒత్తి పలుకుతుంది. సమ్మర్, డిన్నర్, బట్టర్, హ్యాప్పీ, కామ్మా! ఇంగ్లిష్‌లో అవి సమర్, డినర్, బటర్, హ్యాపీ, కామా. ఒక్క హల్లే, ఒక్కసారే. తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం రబ్బరు, బస్సు అనే అనండి, నేనూ అలాగే అంటాను.

మరి రెండెందుకు రాశారు? చాలా మాటల్లో ఆ జంట తన గురించి చెప్పదు, ముందున్న అచ్చు గురించి చెబుతుంది. ఎన్ రెండుంటే డినర్, ఒకటే ఉంటే డైనర్. టి రెండుంటే బిటర్, ఒకటైతే బైటర్. పి రెండుంటే సపర్, ఒకటైతే సూపర్. హాపింగ్, హోపింగ్. ట్యాపింగ్, టేపింగ్. ల్యాటర్, లేటర్. ఒత్తు హల్లు మీద వేస్తే తప్పు, అచ్చును పొట్టిగా పలికితే ఒప్పు. డిన్నర్ అనేవాళ్లు అచ్చు సరిగ్గానే పలుకుతారు, ఆ తర్వాత అనవసరంగా ఎన్ మీద కూర్చుంటారు.

నిజంగా ఒత్తి పలకాల్సింది రెండు ముక్కలు అతికిన చోట: బుక్‌కేస్, రూమ్‌మేట్, అన్‌నోన్.

రెండు సిల తర్వాత ఇ, ఐ వస్తే పోయిన పాఠం మళ్లీ పనికొస్తుంది. మొదటిది క, రెండోది స: యాక్సిడెంట్, వ్యాక్సిన్, సక్సెస్. సాకర్ ఒక్కటి మాట వినదు. సజెస్ట్‌లో అమెరికా వాళ్లు గ, జ రెండూ పలుకుతారు, బ్రిటన్‌లో ఒక్క జ చాలు. నాకు బ్రిటన్ పద్ధతే ఇష్టం, నోటికి పని తక్కువ.

సిజర్స్, డెజర్ట్ (భోజనం తర్వాత తినే తీపి) మాటల్లో జంట ఎస్‌ది జెడ్ ధ్వని. ‘జామకాయ’లో జ అనబోయి నాలుక పైన తగలకుండా ఆపండి, వచ్చేస్తుంది. ‘జీతం’లో జతో ప్రయత్నిస్తే రాదు.

అభ్యాసం: ఆదివారం బీసెంట్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు బోర్డులు చదువుతూ నడవండి. గుంటూరు వాళ్లకు అరండల్‌పేట. జంట హల్లున్న మాటలు 40 రాసుకోండి. వాటిలో కనీసం 10 మాటలకు, జంటలో ఒక అక్షరం తీసేస్తే ముందున్న అచ్చు ఎలా మారుతుందో పక్కనే రాయండి. అన్నిటినీ వాక్యాల్లో పెట్టి రికార్డు చేసి పంపండి. పట్టిక ‘లగేజ్’తో మొదలుపెట్టండి. అందులో మూడు ‘జి’లు ఉన్నాయి, ఏది ఏ పని చేస్తోందో ముందు అది రాయండి.