కంపెనీ పేరు రిజెక్ట్ అయిందా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల వ్యాపారం చేసే మా పెద్దమ్మగారి అబ్బాయి ప్రైవేట్ లిమిటెడ్ పెడదామనుకున్నాడు. పేరు ఖరారు కాకముందే బోర్డు రాయించాడు, అట్టపెట్టెల మీద ముద్ర కూడా వేయించాడు. తర్వాత పేరు రిజెక్ట్ అయింది. ఆ డబ్బు ఇంకెవరికీ పోకూడదనే ఇది రాస్తున్నాను.

సమస్య: "ఉన్న కంపెనీ పేరును పోలి ఉంది" అని కంపెనీల రిజిస్ట్రేషన్ అధికారులు అన్నారు. వెతికితే అచ్చంగా ఆ పేరు ఎక్కడా లేదు.

కారణం: మనం అక్షరాలు చూస్తాం, వాళ్లు పోలిక చూస్తారు. 2014 నాటి కంపెనీల ఇన్‌కార్పొరేషన్ నిబంధనల్లో 8వ నిబంధన ప్రకారం ఏకవచనం బహువచనం చేసినా, మాటల మధ్య ఖాళీ తీసేసినా, వరుస మార్చినా, అంకె చేర్చినా అది కొత్త పేరు కాదు. న్యూమరాలజీ కోసం స్పెల్లింగులో ఒక 'ఏ' ఎక్కువ పెట్టినా పలకడం ఒకటే కాబట్టి లెక్కలోకి రాదు. మన ఊళ్లో ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకొకటి. "ముత్యం సీఫుడ్స్" అనే కంపెనీ ఉందనుకుందాం. ముందు వైజాగ్ చేర్చి "వైజాగ్ ముత్యం సీఫుడ్స్" అంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఉన్న పేరును పూర్తిగా హిందీలోకో ఇంగ్లిష్‌లోకో మార్చినా అంతే. సాగర్, విద్యుత్ లాంటివి మన మాటలే అనిపిస్తాయి గానీ హిందీలోనూ ఉన్నాయి, జాగ్రత్త.

పరిష్కారం: ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో పేరును నాలుగైదు స్పెల్లింగులతో, ఇంగ్లిష్ అర్థంతో కూడా వెతకండి. ఎల్‌ఎల్‌పీల (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థల) పేర్లూ చూడండి. అదే పేరు కావాలంటే ఆ కంపెనీ బోర్డు తీర్మానంతో అభ్యంతరం లేదని రాసివ్వాలి. నన్నడిగితే, దాని వెంట తిరగడం కన్నా ముందు ఒక విలక్షణమైన మాట పెట్టుకోవడం తేలిక.

సమస్య: కంపెనీల జాబితాలో లేదు, అయినా ఒప్పుకోలేదు.

కారణం ట్రేడ్‌మార్క్, అంటే సరుకు మీద వాడే బ్రాండ్ పేరు లేదా గుర్తు కావచ్చు. రిజిస్టర్ అయినదే కాదు, దరఖాస్తులో ఉన్నదైనా అడ్డే. ట్రేడ్‌మార్కులు నమోదు చేసే ప్రభుత్వ విభాగం ఐపీ ఇండియా సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, మీ సరుకు ఏ క్లాసులోకి (సరుకుల వర్గంలోకి) వస్తుందో చూసుకోండి. శుద్ధి చేసిన రొయ్యలు 29లోకి వస్తాయి. పొరపాటున పేరు దొరికినా టెన్షన్ తీరదు: ట్రేడ్‌మార్క్ యజమాని మూడేళ్లలోపు అడిగితే కంపెనీల చట్టం 16వ సెక్షన్ కింద పేరు మార్చమనే ఆదేశం రావచ్చు.

సమస్య: ఒక్క మాట దగ్గరే ఆగింది.

బ్యాంక్, ఇన్సూరెన్స్ లాంటి మాటలకు ఆయా నియంత్రణ సంస్థ షరతులుంటాయి. నేషనల్, కమిషన్, అథారిటీ వంటివాటికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఉత్త ఊరి పేరుతో "విశాఖపట్నం లిమిటెడ్" అన్నా కుదరదు. ఆ మాట తీసేయండి.

సమస్య: పేరు వచ్చింది, గడువు దాటిపోతోంది.

ఎంసీఏ పోర్టల్‌లో కంపెనీ పెట్టడానికి నింపే ఫారం స్పైస్ ప్లస్. పేరు కోసం ఉన్న దాని పార్ట్-ఏలో 1000 రూపాయలు కట్టి రెండు పేర్లు ఇవ్వొచ్చు. లోపం ఉంటే సరిదిద్ది మళ్లీ పంపడానికి 15 రోజులు ఇస్తారు. ఆమోదించిన పేరు కొత్త కంపెనీకి 20 రోజులే నిలుస్తుంది. కంపెనీ నమోదుకు కావలసిన ఆఫీసు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, డిజిటల్ సంతకాలు ముందే సిద్ధం చేసుకోండి. ఆలస్యమైతే ఆ 20 రోజులు ముగియకముందే మరో 1000 కట్టి 40 రోజుల దాకా, 3000 కడితే 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు.