జేడ్ కొమ్మ బతకట్లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

నర్సరీల్లో ‘జేడ్’ పేరుతో దొరికేవి రెండు. ఎర్రటి సన్న కాడకు గోరంత ఆకులుంటే అది పోర్టులకేరియా. లావు కాడకు బొటనవేలంత మందపాటి ఆకులుంటే క్రాసులా, అసలు జేడ్ అదే. రెండూ దక్షిణాఫ్రికావే, నాటే పద్ధతీ ఒకటే. కాకపోతే లావు కాడ ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

మొదలు నల్లబడి మెత్తబడింది

నాటిన కొమ్మ ముక్కల్లో ఎక్కువ పోయేది ఇలాగే. కోసిన గాటు ఆరకముందే తడిమట్టిలో గుచ్చితే బూజు అక్కడి నుంచే లోపలికి పాకుతుంది. పైన ఆకులు మాత్రం ఇంకొన్నాళ్లు బిగువుగానే ఉండి మనల్ని మోసం చేస్తాయి. అందుకే మట్టి దగ్గర కాడను వేలితో నొక్కి చూడాలి. లొత్తపడితే కుళ్లినట్టే.

వెంటనే పీకి, నలుపు ఆగిన చోటుకు అంగుళం పైన కోయండి. కోసిన ముఖంలో గోధుమరంగు చుక్క కనిపించినా ఇంకాస్త పైకి వెళ్లాలి, శుభ్రమైన లేతాకుపచ్చ కనిపించేదాకా. ప్రతి కోతకూ ముందు బ్లేడును స్పిరిట్‌తో తుడవండి, లేకుంటే కుళ్లును మనమే పైకి అంటించినట్టవుతుంది. కింది ఆకులు తీసేసి, కాగితం మీద గాలి ఆడే నీడలో ఆరబెట్టండి: సన్న కాడకు 3 రోజులు, పెన్సిలంత కాడకు 5-7, వానాకాలంలో మరో 3-4. గాటు మీద గోరు పెడితే పొడిగా, చెక్కు కట్టినట్టు తగలాలి. వేర్ల కోసం గాటుకు తేనె పూయమనే చిట్కా జేడ్‌కు అనవసరం.

వట్టి కోకోపీట్‌లో (కొబ్బరిపీచు పొడిలో) నాటొద్దు. పైన ఎండినట్టున్నా లోపల తడి రోజుల తరబడి పోదు. 2 పాళ్లు ముతక ఇసుక, 1 పాలు కోకోపీట్ కలపండి. ఇసుకను జల్లెడ పట్టి, జల్లెడలో మిగిలిన పలుకులే వాడాలి; కిందికి దిగిన సన్నది బిగుసుకుపోతుంది. అడుగున రంధ్రమున్న 3 అంగుళాల కుండీ చాలు.

ఆకులు ముడతలు పడ్డాయి, కాడ గట్టిగానే ఉంది

జబ్బేమీ లేదు. వేర్లు వచ్చేదాకా ముక్క తన ఆకుల్లో దాచుకున్న నీటితోనే బతుకుతుంది. కంగారుపడి నీళ్లు పోస్తే పై సమస్య మొదలవుతుంది. నాటాక వారం ఆగి ఒకసారి తడిపి, మట్టి అడుగుదాకా ఆరాకే మళ్లీ పోయండి. వేర్లు పట్టాక ఆకులు వాటంతటవే నిండుతాయి.

నెల దాటినా వేర్లు లేవు

ముందు కాలం చూడండి. ఈ జాతి పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి గాలి పీలుస్తుంది. మే నెలలో రాత్రి కూడా ఉక్కపోస్తే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మన దగ్గర అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. కాలం సరైనదే అయితే ముక్క గాలికి ఊగుతోందేమో చూసి, పుల్ల గుచ్చి కట్టండి. వేరొచ్చిందో లేదో అని రోజూ లాగి చూసినా దారం లాంటి కొత్త వేర్లు తెగిపోతాయి.

కణుపుల్లో తెల్లటి దూది

ఇది పిండినల్లి పురుగు. కుండీని మిగతావాటికి దూరంగా పెట్టి, స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కో కణుపూ తుడవండి. గుడ్లు పొదిగి మళ్లీ వస్తాయి కాబట్టి వారం తేడాతో మూడుసార్లయినా చేయాలి. వేపనూనె కొట్టేముందు ఒక్క ఆకు మీద పరీక్షించండి, జేడ్ ఆకులకు నూనె ఒక్కోసారి మచ్చలు తెస్తుంది.