మూసిన డబ్బాలో రాస్ప్‌బెర్రీ పై వేడెక్కకుండా చూసుకోవడం ఎలా?

మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి టీవీ స్టాండు వెనక ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. హార్డ్‌డిస్కులోని ఫొటోలూ సినిమాలూ ఇంటిల్లిపాదికీ అందించడం దాని పని. జనవరిలో బిగించినప్పుడు దాని ప్రాసెసర్ చిప్ వేడి 62 డిగ్రీలు చూపించింది, పర్వాలేదులే అని వదిలేశాను. మే నెలలో ఓ మధ్యాహ్నం సినిమా ఆగి ఆగి వస్తోంది. చూస్తే 80! బోర్డు అదే, డబ్బా అదే, పనీ అదే. మారిందల్లా గది. అప్పుడు 24 డిగ్రీలున్న చోట ఇప్పుడు 41.

రెండుసార్లూ చిప్‌కీ గదికీ మధ్య తేడా 38, 39 డిగ్రీలే. మనం తగ్గించగలిగేది ఆ తేడానే. ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా చిప్పును గది కంటే చల్లగా చేయలేం. కాబట్టి చలికాలంలో తేడా 38 వస్తే, రోహిణీ కార్తె నాటికి చిప్ వేడి ఎంతవుతుందో ఇప్పుడే కూడి చూసుకోండి.

80 దాటితే బోర్డు కాలిపోతుందేమోనని కంగారు పడక్కర్లేదు. పై 4 అక్కడ తనంతట తానే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, 85 దగ్గర ఇంకా గట్టిగా బ్రేకు వేస్తుంది. అంతకుముందు మోడల్ పై 3 బి ప్లస్ అయితే 60 దగ్గరే 1.4 నుంచి 1.2 గిగాహెర్ట్జ్‌కి దిగుతుంది.

1. ముందు కొలవండి

డెస్క్‌టాప్ వాడుతుంటే పైన ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేసి, సీపీయూ టెంపరేచర్ చూపించే ఐటమ్‌ని చేర్చుకోవచ్చు. డెస్క్‌టాప్ లేకపోతే ‘సిస్’ ఫోల్డర్‌లో ‘క్లాస్’, దాంట్లో ‘థర్మల్’, అందులో ‘థర్మల్ జోన్ 0’కి వెళ్లి ‘టెంప్’ అనే ఫైలు తెరవండి. అందులో 62814 అని ఉంటే 62.8 డిగ్రీలన్నమాట.

ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే సరిపోదు. మీరు రోజూ చేయించే పని అరగంట చేయించి, అప్పుడు చూడండి. గది వేడిని కూడా డబ్బా పక్కనే కొలవాలి. టీవీ వెనక వేడి వేరు, హాలు మధ్యలో వేడి వేరు. ‘లో వోల్టేజ్’ హెచ్చరిక కనిపిస్తే ముందు అడాప్టర్ మార్చండి. కరెంటు చాలకపోయినా బోర్డు ఇలాగే నెమ్మదిస్తుంది.

2. గాలికి దారి ఇవ్వండి

ఎక్కువమంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఫ్యాన్ కొంటారు. కిటికీలన్నీ మూసిన గదిలో సీలింగ్ ఫ్యాన్ వేస్తే ఏమవుతుంది? అదే వేడిగాలి మళ్లీ మళ్లీ మన మీదికే వస్తుంది. చిల్లుల్లేని డబ్బాలో ఫ్యాన్ చేసేదీ అదే.

వేడిగాలి పైకి పోతుంది కాబట్టి కింద కొన్ని, పైన కొన్ని చిల్లులుండాలి. లేకపోతే బోర్డు బయటికి తీసేసి, డబ్బాకి 5 మిల్లీమీటర్ల బిట్టుతో డ్రిల్ చేయండి. అడుగు చిల్లులు టేబుల్‌కి అతుక్కుపోకుండా నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు అంటించండి. డబ్బాను పడుకోబెట్టే బదులు నిలబెట్టినా తేడా తెలుస్తుంది. రౌటర్ నెత్తిన, సెట్ టాప్ బాక్స్ మీద మాత్రం పెట్టకండి.

3. హీట్‌సింక్, అల్యూమినియం డబ్బా

బోర్డు మధ్యలో లోహపు మూతతో మెరిసేదే ప్రాసెసర్. వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు దిమ్మె, అంటే హీట్‌సింక్, దానికి తప్పనిసరి, మిగతా చిప్‌లకి ఉంటే మంచిదే. చప్పుడు అస్సలు వద్దనుకునేవాళ్లకి అల్యూమినియం డబ్బా బాగుంటుంది. దాని లోపలి దిమ్మె, వేడిని చేరవేసే మెత్తటి థర్మల్ ప్యాడ్ ద్వారా ప్రాసెసర్‌ని తాకుతుంది, డబ్బా మొత్తం హీట్‌సింక్‌లా పనిచేస్తుంది. కాకపోతే లోహం కాబట్టి వైఫై కాస్త బలహీనపడుతుంది. లాన్ కేబుల్ ఉంటే ఆ బెంగ లేదు.

నేనూ ఒకటి తెచ్చాను. నాలుగు స్క్రూలూ బిగించి కొలిస్తే తేడా రెండు డిగ్రీలు కూడా తగ్గలేదు. డబ్బానే తిట్టుకుంటూ విప్పాను. థర్మల్ ప్యాడ్‌కి రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. నేను ఒకవైపే తీశాను. రెండోది నీలంగా, నిగనిగలాడుతూ దిమ్మెకీ ప్యాడ్‌కీ మధ్య అలాగే ఉంది. గోటితో అంచు లేపి చూడండి, రెండు పొరలూ వచ్చేశాకే బిగించండి.

4. ఫ్యాన్ కావాలంటే

పై 5 అయితే ఫ్యాన్‌కి బోర్డు మీదే వేరే సాకెట్ ఉంది. దాని యాక్టివ్ కూలర్ (ఫ్యాన్ ఉన్న హీట్‌సింక్) తగిలిస్తే, బోర్డు వేడెక్కినప్పుడు ఫ్యాన్ దానంతటదే తిరగడం మొదలవుతుంది, వేడిని బట్టి వేగం పెంచుకుంటుంది.

పై 4కి రెండు తీగల 5 వోల్టుల ఫ్యాన్ అయితే బోర్డు ఆపి, అడాప్టర్ తీసేయండి. 40 పిన్నుల్లో బోర్డు అంచు వైపు వరసను ఎస్‌డీ కార్డు కొస నుంచి లెక్కపెట్టండి. రెండో పిన్నుకి ఎర్ర తీగ, మూడో పిన్నుకి నల్ల తీగ. ఇలా పెడితే ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఆన్, ఆఫ్ చేద్దామని దాన్ని జీపీఐఓ పిన్నుకి, అంటే ప్రోగ్రామ్‌తో నడిపే పిన్నుకి, నేరుగా ఇవ్వకండి. ఆ పిన్ను 16 మిల్లీఆంపులకు మించి మోయలేదు, ఎంత చిన్న ఫ్యానైనా అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. వేడిని బట్టి తిరగాలంటే కంట్రోల్ తీగ ఉన్న మూడు తీగల ఫ్యాన్ తీసుకుని, బోర్డు సెట్టింగులు మార్చే రాస్పీ కాన్ఫిగ్‌లోని పర్ఫార్మెన్స్ ఆప్షన్స్‌లో పిన్ను నంబరు, డిగ్రీలు ఇవ్వండి.

ఫ్యాన్‌కి స్టిక్కర్, దాన్ని పట్టుకున్న అడ్డకమ్మీలు ఉన్న వైపుకి గాలి బయటికొస్తుంది. నమ్మకం కుదరకపోతే అగరబత్తి వెలిగించి కింది చిల్లుల దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి పోయి పైనుంచి రావాలి. నుసి మాత్రం డబ్బాలో రాలనీయకండి.

5. మళ్లీ కొలవండి

అదే పని, అదే అరగంట. చిల్లులు కొట్టి, డబ్బా నిలబెట్టి, ఫ్యాన్ పెట్టాక మా ప్లాస్టిక్ డబ్బాలో తేడా 23కి దిగింది. అంటే గది 41 ఉన్నా చిప్ 64. అల్యూమినియం డబ్బా ఇప్పుడు ఇంకో గదిలో వేరే బోర్డుకి వాడుతున్నాను.

తేడా నెలనెలా ఒకటీ రెండూ పెరుగుతోందంటే దుమ్ము పట్టిందని లెక్క. బోర్డు ఆపి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో ఆపి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులపండి. రోడ్డు పక్క ఇళ్లల్లో రెండు నెలలకోసారి ఈ పని తప్పదు.