ఐదు ఊళ్ల మోసాల సినిమా ఇలా చూడండి

1964లో వచ్చిన ఫ్రెంచి సినిమా 'లె ప్లు బెల్ ఎస్క్రోకెరీ ద్యు మోండ్' మొదలుపెట్టి సగంలో ఆపేసినవాళ్లు మా బ్యాంకు మిత్రుల్లోనే ఉన్నారు. మొత్తం ఒక్క బిగిన చూడబోతే అంతే. అవి ఐదుగురు దర్శకులు ఐదు ఊళ్ల మీద తీసిన విడివిడి కథలు. రాత్రికొకటి చూడండి.

ముందు మీకు దొరికిన ప్రతిలో ఏ కథలున్నాయో చూసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ కథ చాలావాటిలో ఉండదు, దాని దర్శకుడు పొలాన్‌స్కీ కోరిక మీదే తీసేశారు. వజ్రాలహారం కొట్టేసి, అదిచ్చి చిలకను తెచ్చుకునే అమ్మాయి కథ అది. లేదని ఆగిపోకండి.

షాబ్రోల్ తీసిన పారిస్ కథతో మొదలుపెట్టండి. ఈఫిల్ టవర్ అంటే పిచ్చి ఉన్న జర్మన్‌కి ఆ టవర్‌నే అమ్మేస్తారు. ఇందులో నటి కేథరిన్ దెన్యూవ్ ఉంటుంది, చూపు అటే పోతుంది. కానీ చూడాల్సింది కొనేవాడి వేషం వేసిన ఫ్రాన్సిస్ బ్లాంష్ మొహాన్ని. సగం మోసం ఆయనే చేసుకుంటాడు. చూసే ముందు విక్టర్ లుస్టిగ్ గురించి చదవండి. 1925లో ఆ టవర్‌ని తుక్కు వ్యాపారికి నిజంగానే అమ్మిన ఘనుడు. చివరికి అమెరికాలో జైలుకెళ్లింది మాత్రం దొంగనోట్ల కేసులో. క్యాషియర్‌గా పనిచేసినవాణ్ని, అది తెలిసి భలే సంతోషమేసింది!

నేపుల్స్, టోక్యో మధ్యలో కానిచ్చేయండి. టోక్యోలో ముసలాయన ప్లాటినం కట్టుడుపళ్ల మీద కన్నేసిన బార్ అమ్మాయి సరదాగా ఉంటుంది.

గొదార్ తీసిన మరాకెష్ (మొరాకోలోని ఊరు) కథ ఆఖర్న పెట్టుకోండి. టీవీ విలేకరి వేషం వేసిన నటి జీన్ సీబర్గ్ దగ్గర దొంగనోటు దొరుకుతుంది. ఆరా తీస్తే, ఒకాయన అలాంటి నోట్లను బీదవాళ్లకు పంచుతున్నాడు. ఆహా, ఎంత దయ అనుకునే ముందు ఒక్కమాట. కౌంటర్‌లో దొంగనోటు వస్తే మేం దాని మీద ముద్ర కొట్టి ఉంచేసుకుని రసీదిస్తాం, బదులు నోటివ్వం. నష్టం ఆఖర్న ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే. ఆ లెక్కన ఈ దాతను అనుమానిస్తూ చూడండి.

రెండోసారి చూసేటప్పుడు సబ్‌టైటిల్స్ వదిలేసి సీబర్గ్ చేతిలో కెమెరాను గమనించండి. జనం మొహాల్ని ఆవిడా పట్టుకుపోతోందిగా!

సినిమా మొదట విడుదలైనప్పుడు ఈ కథ అందులో లేదు. మీ ప్రతిలోనూ లేకపోతే 'ల గ్రాండ్ ఎస్క్రో' అని విడిగా వెతకండి, అరగంట కూడా పట్టదు.