"గీ పుస్తకం మా పిల్లకు వద్దు సారూ" అని తల్లిదండ్రులు వస్తే ఏం చేయాలి?

బడిలో పఠన బృందం నడపడం పెద్ద పనేం కాదు. ఒక ర్యాక్, ఒక్కో పుస్తకం ఐదారు కాపీలు, శనివారం చివరి పీరియడ్, ఒక రిజిస్టర్ ఉంటే చాలు. బృందానికి ఇచ్చే ముందు పుస్తకాన్ని మీరు చివరిదాకా చదవాలి. అట్ట చూసి పంచేసే వాళ్లకు నేను చెప్పగలిగేదేమీ లేదు. ఆ నెల చదివే పుస్తకాల పేర్లు నోటీసు బోర్డు మీద రాయండి.

ఎవరో ఒక అమ్మో నాన్నో గేటు దగ్గర ఆగి "గిసొంటి పుస్తకం ఎందుకిచ్చిన్రు సారూ?" అన్నప్పుడే అసలు పని మొదలవుతుంది. నల్లగొండ, పాలమూరు బడుల్లో నేను చూసినంత వరకు దీన్ని చెడగొట్టేది ఎక్కువగా టీచర్లే.

అభ్యంతరం క్లాసు వాట్సాప్ గ్రూపులో వస్తే అక్కడ జవాబు రాయకండి. "రేపు సాయంత్రం బడికి రండమ్మా, మాట్లాడుకుందాం" అన్న ఒక్క మెసేజ్ చాలు. పత్తి ఏరే రోజుల్లో పగలు రమ్మంటే కూలి పోతుంది, కాబట్టి సాయంత్రమే పిలవాలి. హెచ్ఎం గదిలో కూర్చోబెట్టకూడదు, టేబుల్ అడ్డం ఉండకూడదు. వరండాలో రెండు కుర్చీలు పక్కపక్కన వేయండి. తండ్రి పూణెలోనో బొంబాయిలోనో పనిలో ఉండి, నానమ్మ ఒక్కతే వస్తే ఆయనకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టండి. లేదంటే రాత్రికి ఆయన ఇంకో రకంగా విని మళ్లీ గొడవకొస్తాడు.

ఇక కూర్చున్నాక జాగ్రత్తగా ఉండాలి. మొదట్లోనే పుస్తకాన్ని వెనకేసుకు రావద్దు. "ఇది మంచి పుస్తకం, అవార్డు వచ్చింది" అన్నారంటే "నీకు తెల్వదు" అన్నట్టే వాళ్లకు వినిపిస్తుంది. "ఏ పేజీ అమ్మా?" అని అడగండి. చాలాసార్లు పుస్తకం వాళ్లు చూసి ఉండరు, ఎవరో ఒక పేజీ ఫోటో తీసి పంపి ఉంటారు. అప్పుడు పుస్తకం వాళ్ల చేతికి ఇచ్చి చదవమనకండి. చదవడం రాని మనిషైతే ఆ ఒక్క పనితో మాట అక్కడే తెగిపోతుంది. చదవడం వచ్చా అని అడగనూ వద్దు. ఆ పేజీని, దాని ముందు రెండు పేజీలను, తర్వాత రెండు పేజీలను మీరే పైకి చదవండి. మధ్యలో ఆగి వివరించకండి. చదివాక కాసేపు ఊరుకోండి. ఆ మౌనం భరించలేకే మన వాళ్లు లెక్చరు మొదలుపెట్టి అంతా పాడు చేస్తారు.

తర్వాత "పిల్ల ఇంట్ల ఏమన్నది?" అని అడగాలి. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. కథలో అమ్మాయి పెళ్లి వద్దని ఎదురు చెప్పింది, అదే మాట వీళ్లమ్మాయి ఇంట్లో అంది. ఇక్కడ వాదించేది పుస్తకం గురించి కాదు. ఆ అమ్మాయి చదువు గురించి మాట్లాడండి. యాస మీద అభ్యంతరమైతే అది వేరు: "మన మాటలే పుస్తకంలుంటే పరీక్షల ఏం రాస్తరు?" అంటారు. పాఠ్యపుస్తకం వేరుగా ఉందని, పరీక్షకు అదేనని చెప్పి, ఆ కథలో నాలుగు వాక్యాలు చదివి వినిపిస్తే నవ్వేసి వెళ్తారు.

కష్టమైనది 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం కథలది. నల్లగొండలో ఒకరి తాత పోరాడిన దళంలో ఉండి ఉంటాడు, ఇంకొకరి తాత దొర గడిలో ఉండి ఉంటాడు. "మా తాతను దుర్మార్గుడని రాసిన్రు" అంటే కథలో పేరు వేరు కదా అని తప్పించుకోకండి. వాళ్లింట్లో చెప్పుకునే కథ ఏమిటో చెప్పనివ్వండి. వీలైతే ఆ కథ చెప్పే ఇంటి పెద్దమనిషినే ఒక శనివారం పిల్లల ముందు కూర్చోబెట్టండి. నేనైతే ఇదే చేస్తాను, అందరూ చేయాలంటాను.

కొందరు అభ్యంతర పత్రం అని ఫారం అచ్చు వేయించి నింపమంటారు. నాకు నచ్చదు. సంతకం, వేలిముద్ర అనగానే మన ఊళ్లలో భూమి కాగితాలు గుర్తొచ్చి మనిషి బిగుసుకుపోతాడు. వాళ్లు చెప్పింది మీరే రిజిస్టర్‌లో రాసి, చదివి వినిపించండి.

చివరికి తేల్చేది ఒక్కటే. "మా పిల్లకు వద్దు" అంటే అది వాళ్ల హక్కు. వేరే పుస్తకం ఇవ్వండి, ఆ వేరే పుస్తకాన్నే ఇంకో ఇద్దరు పిల్లలకూ ఇవ్వండి. లేదంటే ఆ పిల్ల ఒంటరిదవుతుంది. "ఎవ్వలకూ వద్దు" అంటే మాత్రం అది మీరు గానీ హెచ్ఎం గానీ ఒక్కరే తేల్చకూడదు. పుస్తకాన్ని చడీచప్పుడు లేకుండా బీరువాలో దాచేస్తే వచ్చే నెల ఇంకొకరు ఇంకో పుస్తకంతో వస్తారు. సర్కారు బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యా హక్కు చట్టం చెబుతోంది కాబట్టి విషయం వాళ్ల ముందు పెట్టండి. అభ్యంతరం చెప్పిన మనిషిని కూడా పిలవండి. అక్కడా ఆ పేజీలను పైకి చదివాకే మాట మొదలుపెట్టండి. తేల్చింది మినిట్స్‌లో రాయించి, ఆ సాయంత్రమే తండ్రికి ఫోన్ చేసి చెప్పండి.