ఫోన్ పోయాక వాలెట్‌లోని బిట్‌కాయిన్‌ను కాపాడుకున్న తీరు: నా అనుభవం

నల్గొండ బస్టాండులో నా ఫోన్ పోయింది. నా బిట్‌కాయిన్ (డిజిటల్ కరెన్సీ)ను ఖర్చు చేయడానికి కావాల్సిన రహస్య కీలను దాచే యాప్, అంటే వాలెట్, అందులోనే ఉంది. సిమ్ ఆపించడం, పోలీసు ఫిర్యాదు, పోయిన ఫోన్లను అడ్డుకునే ప్రభుత్వ పోర్టల్ సీఈఐఆర్‌లో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) బ్లాక్ చేయించడం అవసరమే గానీ, వాటిలో ఏదీ వాలెట్ జోలికి పోదు.

పని చేసిన పద్ధతి ఇది. ఇంట్లోని పాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మునుపటి యాప్ అందులో నడవకపోవడంతో మరో వాలెట్ యాప్‌ను ప్లే స్టోర్ నుంచి దించుకొని, కాగితంపై రాసి బీరువాలో దాచిన 12 పదాల రికవరీ ఫ్రేజ్‌ను (వాలెట్‌ను తిరిగి తెచ్చే రహస్య పదాలను) వరుస తప్పకుండా ఎక్కించాను. నిల్వ సున్నా చూపింది. చాలామంది ఇక్కడే గాబరాపడి, సాయం చేస్తామనే అపరిచితులకు ఆ పదాలు చెప్పేస్తారు. నేను సెట్టింగుల్లో 1తో మొదలయ్యే చిరునామా (బిట్‌కాయిన్‌ను అందుకునే గుర్తు) రకానికి బదులు బీసీ1 (bc1)తో మొదలయ్యే రకాన్ని ఎంచుకోగానే నిల్వ కనిపించింది. అవే పదాల నుంచి డెరివేషన్ పాత్‌ను (పదాల నుంచి చిరునామాలను రాబట్టే దారిని) బట్టి వేర్వేరు చిరునామాలు పుడతాయి.

అయితే పోయిన ఫోన్‌లో పాత కీలు అలాగే ఉంటాయి కాబట్టి, కొత్త పదాలతో ఇంకో వాలెట్ సృష్టించి, ఆ పదాలను రాసుకున్నాక, ముందు కొద్ది మొత్తం పంపి, అది చేరాక నెట్‌వర్క్ రుసుము పోను మిగిలినదంతా తరలించాను.

ఇది అందరికీ వర్తిస్తుందని చెప్పలేను. పదాలకు అదనంగా పాస్‌ఫ్రేజ్ (సొంతంగా ఎంచుకున్న మరో రహస్య మాట) పెట్టుకున్నవారికి అది కూడా కావాలి. బిట్‌కాయిన్‌ను ఎక్స్ఛేంజ్ (దాన్ని కొని, అమ్మే వేదిక) ఖాతాలో ఉంచినవారు ముందుగా ఆ ఖాతాను నిలుపుదల చేయించుకోవాలి.